సాయంకాలపు మ్రోత



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఇంటిలో స్వహస్తముతో కట్టుకొన్న యొక ప్రీ ఆంప్లిఫైయరు, దానికి విద్యుత్తు నందించు చిన్న పెట్టె, ఆ పెట్టెలో పుట్టిన యొక మ్రోత. ఇంతియే కథ. అయినను ఆ మ్రోత నన్ను ఐదు వారములు ఊరికిని పట్టణమునకును త్రిప్పినది. అది నేర్పిన పాఠము, స్వయముగా పరికరములు కట్టుకొను యువకులకును, అటకమీద పాత కాసెట్లు దాచుకొన్న గృహస్థులకును ఉపకరించు నను నమ్మకముతో ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మా తల్లి వరంగల్లు ప్రాంతమున, నర్సంపేట దాటినతర్వాత, పాకాల చెరువు క్రింది పల్లెలలో నొకదానియందు నివసించుచున్నది. నేను హనుమకొండలో ఉద్యోగము చేసికొనుచు, శనివారము సాయంకాలము ఊరు చేరి, ఆదివారము మధ్యాహ్నము మరలి వచ్చుచుందును. ఈ రాకపోకల వేళలను శ్రోతలు కొంచెము గుర్తుంచుకొనవలయును. కథకు కీలకమంతయు అందే యున్నది.

1987వ సంవత్సరమున సద్దుల బతుకమ్మనాటి రాత్రి మా యింటి వాకిట మా అమ్మమ్మ పాట యెత్తుకొనగా, చుట్టును తిరుగుచున్న స్త్రీలు చప్పట్లు చరచుచు పల్లవి నందుకొనిరి. మా మేనమామ ఒక కాసెట్టులో దానిని పట్టియుంచెను. మరుసటి యేటి బతుకమ్మకు అమ్మమ్మ లేదు. ఆమె కంఠస్వరము లోకమున మిగిలినది ఆ యొక్క కాసెట్టులోనే. ఇప్పటికి నలువది యేండ్లకు చేరువగుచున్నది. టేపుపై పూసిన గోధుమవన్నె పొడి వదులగుచున్నది. వాయించిన ప్రతిసారియు కొంత పొడి యంత్రపు తలకంటుకొని పోవును. పోయినది మరల రాదు. కనుక దానిని ఒకటి రెండుమార్లకంటె నెక్కువగా వాయింపక, శుభ్రముగా కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలయునని నిశ్చయించుకొంటిని.

టేపు తలనుండి వెలువడు సంకేతము ఒక వోల్టులో రెండువేలవ వంతునకు మించదు. దానిని వేయిరెట్లకు పైగా పెంచినగాని పనికిరాదు. వేయిరెట్లు పెంచుచోట అమ్మమ్మ పాటతోపాటు, విద్యుత్తులోని చిన్న దోషమును పెద్దదగును. ఈ భయముచేతనే బజారు యంత్రమును నమ్మక, ఎన్.ఇ. 5532 అను మంచి పేరుగల చిప్పులతో ప్రీ ఆంప్లిఫైయరు నేనే కట్టితిని. దానికి ధనము 15, ఋణము 15 వోల్టులు కావలయును. అందులకై 15-0-15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, ప్రక్కకొకటి చొప్పున 1000 మైక్రోఫారడుల కెపాసిటర్లు, 7815, 7915 అను రెండు రెగ్యులేటర్లు కూర్చితిని. హనుమకొండలో నా బల్లమీద పరీక్షింపగా చీమ చిటుక్కుమన్నంత మ్రోతయు లేదు. ఉప్పొంగిపోతిని.

కాసెట్టును పట్టణమునకు తెచ్చుకొందునని మా తల్లి నడిగితిని. ఆమె, "బిడ్డా, అది నా తల్లి గొంతు. ఇల్లు దాటి పోవద్దు. నీ మిషినే ఈడికి తెచ్చుకో" అన్నది. ఆమె మాట కాదనలేక పెట్టె సర్దుకొని ఒక శనివారము ఊరు చేరితిని. గత వేసవి మొదటి దినములవి. సాయంకాలము 7 గంటలకు కాసెట్టు పెట్టి మీట నొక్కితిని. అమ్మమ్మ గొంతు వినవచ్చినది. దానితోపాటు, తుమ్మెదల గుంపు పాటను చుట్టుముట్టినట్లు, గూ యని యెడతెగని మ్రోతయు వినవచ్చినది. మా తల్లి కొంతసేపు విని, కొంగు కన్నుల కద్దుకొని, "ఆ చప్పుడేంది కొడుకా?" అని అడిగినది.

మరునాటి ఉదయము మీటరు తీసి రెగ్యులేటర్లు విడుచు వోల్టేజి చూచితిని. ఇటు 15, అటు 15. లోపమేమియు లేదు. అయినను అనుమానము తీరక పెద్ద కెపాసిటర్లు, 4700 మైక్రోఫారడులవి, మార్చితిని. ఖాళీ కాసెట్టుతో వినగా నిశ్శబ్దము. రోగము కుదిరినదని సంతోషించి బస్సెక్కితిని. తరువాతి శనివారము సాయంకాలము అసలు కాసెట్టు మరల పెట్టితిని. మ్రోత కొంచెము సన్నగిల్లినది గాని పోలేదు. ఆ రెండవమారు వాయించిన పిమ్మట యంత్రపు తలను దూదితో తుడువగా దూది గోధుమవన్నె కెక్కినది. నా గుండె జల్లుమన్నది. దోషము తెలిసినదాక ఈ కాసెట్టును ముట్టనని ఒట్టు పెట్టుకొంటిని.

మూడవ ఆదివారము ఉదయము భూమితీగను మార్చితిని. మ్రోత లేదు. శనివారము మరల వచ్చినది. నాలుగవ ఆదివారము ఉదయము చిప్పులను మార్చితిని. మ్రోత లేదు. మార్చిన ప్రతి భాగమును రోగమునకు మందైనట్లే తోచినది. వారము తిరుగకముందే ఆ మందు వికటించెడిది. దయ్యము పట్టినదనుకొనుట యొక్కటే తరువాయి.

ఆ దినములలో ఒక చిన్న ఆధారము మాత్రము దొరికినది. మన దేశమున విద్యుత్తు సెకండునకు 50 మారులు ఊగును. ట్రాన్స్‌ఫార్మరుయొక్క అయస్కాంతశక్తి నేరుగా టేపు తలను తాకినచో పుట్టు మ్రోత ప్రధానముగా 50 ఊపుల మ్రోత. డయోడులు రెండు అర్ధతరంగములను ఒక్కవైపునకు త్రిప్పిన పిదప మిగులు అల 100 ఊపులది. ఈ రెంటికిని ఒక స్థాయి భేదము గలదు, మంద్ర షడ్జమునకును మధ్య షడ్జమునకును గల భేదమే. అమెరికాలో విద్యుత్తు 60 ఊపులది గనుక అచటి పుస్తకములలో 120 అని యుండును. మన మది చూచి భ్రమపడరాదు. నా చెవికి వినవచ్చినది 100 ఊపులది. ట్రాన్స్‌ఫార్మరును మూరెడు దూరము జరిపినను మ్రోత మారలేదు. టేపు యంత్రము సెల్లులమీదను, కంప్యూటరు తన బ్యాటరీమీదను నడచుచున్నవి. కనుక మ్రోత డయోడుల తరువాతి మార్గమున వచ్చుచున్నదని తేలినది. కాని రెగ్యులేటరు కాపలా కాయుచుండగా అది ఎట్లు దాటినది?

హనుమకొండ చౌరస్తా దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేయు నొక పెద్దమనిషి గలడు. సోమవారము ఆయన దుకాణమునకు పోయి నా గోడంతయు వెళ్ళబోసికొంటిని. ఆయన సోల్డరు కడ్డీ ప్రక్కన పెట్టి, "తమ్మీ, మోత ఎప్పుడస్తది?" అని అడిగెను. "శనివారం సాయంత్రం, అన్నా." "నువ్వు మీటరు పెట్టి సూసేది ఎప్పుడు?" "ఆదివారం పొద్దున." ఆయన నవ్వి, "జ్వరం రాత్రిపూట అస్తాంటె, పొద్దుగాల నాడి పట్టి సూస్తె ఏం దొరుకుతది?" అనెను.

ఆ మాటతో నా కన్నులు తెరచుకొన్నవి. ఆయన రెండు పనులు చెప్పెను. మొదటిది: రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్రీ ఆంప్లిఫైయరును నడిపి చూడుము, మ్రోత పోయినచో ప్రీ ఆంప్లిఫైయరు నిర్దోషి. రెండవది: మ్రోత వచ్చు వేళనే, రెగ్యులేటరు తరువాత గాక దానికి ముందు ఎంత వోల్టేజి యున్నదో చూడుము.

ఐదవ శనివారము సాయంకాలము బ్యాటరీలు తగిలించితిని. నిశ్శబ్దము! ఈ చిన్న పరీక్ష మొదటివారమే తోచియుండినచో అమ్మమ్మ టేపు రెండుమారులు వ్యర్థముగా అరిగెడిది కాదు. పిదప పెట్టెను మరల కలిపి మీటరు పట్టితిని. గోడలోని విద్యుత్తు 186 వోల్టులు. రెగ్యులేటరునకు ముందు 16. తరువాత 14.3. మరునాటి ఉదయము 7 గంటలకు చూడగా గోడలో 228, ముందు 20, తరువాత సరిగా 15. మా యిల్లు ఊరిచివరనున్నది. వేసవిలో ప్రొద్దుగ్రుంకగానే ఇంటింటను ఫ్యాన్లు, కూలర్లు తిరుగును. పొడవైన తీగెలో ప్రవాహము హెచ్చినకొలది దారిలోనే వోల్టేజి తరుగును. మాకు చేరునది మిగిలినది మాత్రమే.

ఇప్పుడు రెగ్యులేటరు చేయు పని యేమో చెప్పెదను. మా ఊరివారి కిది సులభముగా తెలియును. ఏలయన మేము చెరువునీటితో పెరిగినవారము. పాకాల చెరువు 13వ శతాబ్దమున కాకతీయుల యేలుబడిలో కట్టబడినది. చెరువులో నీరు వానలనుబట్టి పెరుగును, తరుగును. తూము మాత్రము కాలువకు కావలసినంత నీరే విడుచును. పైనున్న మట్టము పది మూరలైనను పన్నెండు మూరలైనను, తూమును కొంచెము మూసియో తెరచియో కాలువమట్టమును సమముగా నుంచవచ్చును. కెపాసిటరు మన చెరువు. రెగ్యులేటరు తూము. కాని చెరువుమట్టము తూముకంటె కొంత ఎత్తుననున్నంతవరకే తూమునకు అధికారము. నీరు ఆ మట్టమునకు దిగినపిమ్మట తూమును బార్లా తెరచినను, చెరువులో ఏ అల లేచిన ఆ అలయే కాలువలోనికి దిగును. తూము చెడలేదు. దానికి చేయుటకు పని లేకపోయినది.

78 వరుస రెగ్యులేటర్లకు తాము విడుచు వోల్టేజికంటె సుమారు 2 వోల్టులు పైన ఉండవలయును. అనగా 15 విడువవలెనన్న 17 రావలయును. లెక్క చూడుడు. గోడలో 230 ఉన్నపుడు ట్రాన్స్‌ఫార్మరు 15 వోల్టులు ఇచ్చును. ఆ తరంగపు శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా 21. డయోడు సుమారు 0.9 వోల్టు తిని 20 మిగుల్చును. భయము లేదు. గోడలో 186 ఉన్నపుడు ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చునది 12.1, శిఖరము 17.1, డయోడు పోగా 16.2. శిఖరముననే 17 లేదు! రెండు శిఖరముల నడుమ కెపాసిటరు ఖాళీయగుచు మరి యర వోల్టుకు కొంచెము తక్కువగా దిగజారును. ఆ దిగజారుటయే 100 ఊపుల అల. అదియే మా తల్లి అడిగిన చప్పుడు.

ఇప్పుడు పెద్ద కెపాసిటరు ఏల పూర్తిగా పనిచేయలేదో తెలియుచున్నది. చెరువును వెడల్పు చేసినచో నీరు మెల్లగా తరుగును, అల చిన్నదగును. కాని మట్టము పైకి లేవదు. మ్రోత సన్నగిల్లుటయే గాని పోకుండుట అందుచేతనే.

నమ్మకము కుదురుటకు ఇంకొక పరీక్ష కావలసియుండెను. సోమవారము పెట్టెను దుకాణమునకు తెచ్చితిని. అచట వేరియాక్ అను సాధనము గలదు. పిడి త్రిప్పినచో గోడ వోల్టేజిని కోరినంత తగ్గింపవచ్చును. 230 నుండి మెల్లగా దించుచు రాగా, 200 దగ్గర మ్రోత మొలకెత్తినది. పైకి త్రిప్పగా మాయమైనది. మూడుమారులు దించితిమి, మూడుమారులు వచ్చినది. రోగమును కోరినపుడు రప్పింపగలిగిన దినమున వైద్యుడు సగము గెలిచినట్లే.

ఇక చికిత్స. మార్గములు మూడు. మొదటిది, 18-0-18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టుట. అది మంచిదే గాని, అర్ధరాత్రి గోడలో 260 వచ్చినపుడు కెపాసిటర్లపై 28 వోల్టుల దాకా పడును. నావి 25 వోల్టులవి, అవి పగిలియుండెడివి. 35 కాని 50 కాని వోల్టులవి పెట్టవలయును, రెగ్యులేటరు వేడికి రేకును తగిలింపవలయును. రెండవది, ఇంటి విద్యుత్తునకే స్టెబిలైజరు పెట్టుట. అది బరువు, ఖర్చు. మూడవది దుకాణపు పెద్దమనిషి చెప్పినది: "తమ్మీ, నీకు 15 ఎందుకు? 12 అడుగు." నిజమే! నా ప్రీ ఆంప్లిఫైయరు విడుచు సంకేతము ఒక వోల్టునకు మించదు. ఆ చిప్పులు 12 వోల్టులతోను హాయిగా పనిచేయును. పుస్తకమున 15 అని చూచితిని గనుక 15 పెట్టితిని. 7812, 7912 పెట్టినచో కావలసిన మట్టము 17 నుండి 14కు దిగును. గోడలో 170 వరకు తూమునకు అధికారము నిలుచును. ఖర్చు చాయ నీళ్ళ డబ్బుకంటె ఎక్కువ కాదు.

ఇచట యువకులకు రెండు హెచ్చరికలు. 78 వరుసకును 79 వరుసకును కాళ్ళ క్రమము ఒక్కటి కాదు. అక్షరములు మనవైపు ఉండునట్లు పట్టుకొని ఎడమనుండి చూచినచో, 7812కు మొదటిది రాక, నడిమిది భూమి, మూడవది పోక. 7912కు మొదటిది భూమి, నడిమిది రాక, మూడవది పోక. అంతేకాదు, 7912 వీపునందలి లోహము రాకకే కలిసియుండును. అభ్రకపు ముక్క పెట్టక ఇనుపపెట్టెకు బిగించినచో ఋణప్రక్క నేరుగా భూమిపాలగును. రెండవ హెచ్చరిక: 79 వరుసకు పోక కాలి దగ్గరనే కెపాసిటరు తప్పక ఉండవలయును, టాంటలమైన 1 మైక్రోఫారడు, మామూలు ఎలక్ట్రోలిటిక్ ఐన 25. లేనిచో రెగ్యులేటరు తనకుతానే ఊగులాడును, మీటరు మాత్రము ఏమియు ఎరుగనట్లు 12 అని చూపును.

మీటరు చూపని అలను చెవితో వినవచ్చును. పాత ఇయర్‌ఫోను తీగెకు వరుసగా 1 మైక్రోఫారడు కెపాసిటరును, 1000 ఓముల నిరోధమును తగిలించి, రెగ్యులేటరు పోకకును భూమికిని నడుమ ఆనించుడు. తగిలించునపుడు టప్పుమనును గనుక, ముందు తగిలించి పిదప చెవిలో పెట్టుకొనుడు. రెగ్యులేటరు ముందు మ్రోత, తరువాత మౌనము ఉన్నచో ఆరోగ్యము. తరువాత గూడ మ్రోత యున్నచో తూము ఓడినదని తెలిసికొనుడు. ఈ పరీక్ష రెగ్యులేటరు ప్రక్కననే గాని గోడ విద్యుత్తు ప్రక్క ఎన్నడును చేయరాదు. అది ప్రాణము తీయును. గోడ వోల్టేజి చూచుటకు సాకెట్టులో గ్రుచ్చు వోల్టుమీటర్లు బజారులో దొరకును, వానిని వాడుడు.

క్రొత్త రెగ్యులేటర్లు పెట్టి వేరియాక్ త్రిప్పగా, 200 దాటినది, 190 దాటినది, 180 దాటినది, నిశ్శబ్దమే. 170 క్రిందికి దిగినపుడుగాని మ్రోత లేవలేదు. లెక్కయు చెవియు ఒక్క మాట చెప్పినవి.

ఆ శనివారము రాత్రి 8 గంటలకు గోడలో 184 వోల్టులు. కావలెననియే ఆ వేళను ఎన్నుకొంటిని. మా తల్లి గడపమీద కూర్చున్నది. కాసెట్టు తిరిగినది. మొదట టేపు సవ్వడి, దూరమున కుక్క మొరుగు, ఎవరో పసిబిడ్డ యేడ్పు, పిదప అమ్మమ్మ గొంతు, పిదప చప్పట్లు. ఆ చప్పట్లలో ఎన్ని చేతులున్నవో లెక్కపెట్టదగినంత తేటగా వినవచ్చినవి. ఒకచోట, మూడవ పాట నడుమ, రెండు మాటలంత కాలము గొంతు చినిగినట్లై మరల అందుకొన్నది. అది టేపునుండి పొడి రాలిన చోటు. దూదికంటిన గోధుమవన్నె అదియే. మా తల్లి ఆ రెండు మాటలను తానే పలికి పూరించినది. నా కంప్యూటరులో ఇప్పుడు ఆ చోట ఇద్దరి గొంతులును ఉన్నవి.

తరువాత ఊరివారును తమ కాసెట్లు తెచ్చుట మొదలుపెట్టిరి. ఒకరిది ఒగ్గుకథ, ఒకరిది పెండ్లిపాట, ఒకరిది దుబాయికి పోయిన కొడుకునకై తండ్రి మాటలాడి, పంపక మిగిల్చుకొన్న ఉత్తరము. ఆ తండ్రి ఇప్పుడు లేడు. ఈ పని బ్యాటరీలతో తీరునది కాదు. ప్రతి శనివారము సాయంకాలము, వోల్టేజి దిగిన వేళనే, ఆ చిన్న పెట్టె ఊపిరి బిగబట్టి నడచుచున్నది.

శ్రోతలారా, మీ యింటి పరికరము మొరాయించినచో భాగములు మార్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఇది ఎపుడు మొరాయించుచున్నది? ఆ వేళకు మేల్కొని, ఆ వేళకే మీటరు పట్టుడు. తూమును నిందించుటకు ముందు చెరువుకట్ట యెక్కి నీటిమట్టము చూడుడు. ఆ మట్టమును పెంచుట మీ చేతిలో లేనపుడు, కాలువకు నిజముగా ఎంత నీరు కావలయునో లెక్కవేసికొనుడు. అటకమీద కాసెట్టు ఉన్నచో మాత్రము ఆలస్యము చేయకుడు. దానిని వాయించుటకు ముందు ఖాళీ కాసెట్టుతో, పగలొకమారు, రాత్రి యొకమారు పరీక్షించుకొనుడు.

సెలవు.